ర్యాంకు వచ్చింది, ఫీజు మాటేమిటి? ఎప్‌సెట్ ర్యాంకుకీ ఇంటి బడ్జెట్‌కీ సరిపోయే కాలేజీని వెతుక్కునే పద్ధతి

మే నెలలో ఎప్‌సెట్ (తెలంగాణలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చిన సాయంత్రానికే ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ పాపకి వచ్చిన ర్యాంకుకి మంచి కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు రెడీగా ఉంది, రేపు ఆఫీసుకి రండి" అంటూ ఎవరో కన్సల్టెన్సీ నుంచి మాట్లాడతారు. మన నంబరు, ర్యాంకు వాళ్లకి ఎక్కడ దొరుకుతాయో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఆ ఫోన్ పెట్టేసి ఒక వంద పేజీల నోటుబుక్కు కొనుక్కోండి. ఈ పనికి అంతకు మించిన ఖర్చు అక్కర్లేదు.

మాది వనస్థలిపురం. 2023లో మా అబ్బాయి కౌన్సెలింగ్ (ర్యాంకు వరుసలో సీట్లు పంచే తంతు), 2025లో మా చెల్లెలి కూతురి కౌన్సెలింగ్ నేనే దగ్గరుండి చూశాను. మొదటిసారి తెలియక తప్పు చేశాం, అది ముందు చెబుతాను. రెండోసారి నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాం. ఆ నోటుబుక్కులో ఏం రాసుకున్నామో, ఏ వరుసలో రాసుకున్నామో అదే ఇక్కడ చెబుతున్నాను. తెలంగాణలో ఇంజినీరింగ్‌కి, అందులోనూ హైదరాబాద్ చుట్టుపక్కల చదవాలనుకునే పిల్లలకి ఇది పనికొస్తుంది.

ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుందన్నది సగం ప్రశ్నే. ఆ కాలేజీ నాలుగేళ్లకి మన ఇంటికి ఎంత పడుతుందన్నది మిగతా సగం. చాలామంది మొదటి సగం జూన్‌లో చూసి, రెండో సగం ఆగస్టులో ఫీజు కౌంటర్ దగ్గర నిలబడి చూస్తారు. రెండూ ఒకే కాగితం మీద, ఒకే రోజు చూడాలి.

మా తప్పు

మా అబ్బాయికి వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీ, బ్రాంచిల జాబితా ఆన్‌లైన్‌లో) పెట్టేటప్పుడు నాలుగో స్థానంలో ఒక కాలేజీ రాశాం. "ఇదైతే గ్యారంటీగా వస్తుంది, పైన పెడితే మంచిది" అన్నది నా తెలివి. మాకు నిజంగా ఇష్టమైన కాలేజీ, ఫీజు కూడా తక్కువున్నది, ఆరో స్థానంలో ఉంది. నాలుగోదే వచ్చింది. వారం తర్వాత తెలిసింది, మావాడికంటే వెనక ర్యాంకున్న వాడి స్నేహితుడికి అదే కేటగిరీలో ఆ ఆరో కాలేజీలో అదే బ్రాంచి వచ్చిందని. రెండో విడతలో ప్రయత్నిస్తే అప్పటికే సీట్లు నిండిపోయాయి.

కంప్యూటర్ చేసే పని చాలా సూటిగా ఉంటుంది. ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ పిలుస్తుంది, వాళ్ల జాబితాని పై నుంచి కిందికి చదువుతుంది, ఖాళీ ఉన్న మొదటి చోట సీటు ఇచ్చి అక్కడితో ఆగుతుంది. కష్టమైన కాలేజీని పైన పెట్టినందుకు కింద ఉన్న తేలికైన కాలేజీలో అవకాశం రవ్వంత కూడా తగ్గదు. అందుకే జాబితా మన ఇష్టం వరుసలో ఉండాలి, వచ్చే అవకాశం వరుసలో కాదు. ఈ ఒక్క ముక్క మాకు 2023లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మొదటి పని: ర్యాంకు కార్డు పక్కన ఇంటి వివరాలు రాసుకోండి

2025లో ఫలితాలు మే 11న వచ్చాయి, కౌన్సెలింగ్ జూన్ ఆఖర్లో మొదలైంది. మధ్యలో నెలన్నర ఉంది. తేదీలు ఏటా మారతాయి కానీ ఫలితాలకీ కౌన్సెలింగ్‌కీ మధ్య కొంత ఎడం దొరుకుతుంది. అసలు పనంతా ఆ ఎడంలోనే.

నోటుబుక్కు మొదటి పేజీలో ఇవి రాయండి: ర్యాంకు, కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారు, కుటుంబ వార్షికాదాయం ఆదాయ ధ్రువపత్రంలో ఎంత ఉంది, ఏడాదికి చేతి నుంచి నిజంగా ఎంత పెట్టగలరు. ఆఖరిది రాయడం అన్నిటికంటే కష్టం. మా బావ "లక్ష దాకా చూసుకుందాంలే" అన్నాడు. మా చెల్లెలు వంటింట్లోంచి "అరవై వేలు దాటితే చీటీ పాడాల్సిందే" అంది. అరవై వేలే రాసుకున్నాం.

మార్కులకీ ర్యాంకుకీ లంకె పెట్టే పట్టికలు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తాయి. వాటి మీద సమయం పెట్టకండి. పరీక్ష 160 మార్కులకి, నెగెటివ్ మార్కులు లేవు, కానీ పలు షిఫ్టుల్లో జరుగుతుంది కాబట్టి మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు. ఈ ఏడాది 70కి వచ్చిన ర్యాంకు వచ్చే ఏడాది 70కి రాదు. ఇంటర్ మార్కులకి ఇచ్చే వెయిటేజీ కూడా తీసేశారు కాబట్టి పాత లెక్కలు అసలు పనికిరావు. మీ చేతిలో ఉన్న ర్యాంకే ఆధారం.

కాగితాల సంగతి ఇక్కడే ముగించేద్దాం. పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, వర్తిస్తే ఈడబ్ల్యూఎస్ పత్రం. ఆదాయం, ఈడబ్ల్యూఎస్ పత్రాలు కొత్తవి ఉండాలి. మీసేవలో దరఖాస్తు పెట్టాక తహసీల్దార్ ఆఫీసులో ఎన్ని రోజులు పడుతుందో దేవుడికే తెలియాలి కనుక మే నెలలోనే పెట్టేయండి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ నాటికి ఆదాయ ధ్రువపత్రం చేతిలో లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ (మన బదులు ప్రభుత్వం కట్టే ఫీజు) చిక్కుల్లో పడుతుంది.

రెండో పని: లాస్ట్ ర్యాంక్ పట్టిక చదవడం నేర్చుకోండి

కౌన్సెలింగ్ వెబ్‌సైటులో గత సంవత్సరాల 'లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్' అని పీడీఎఫ్‌లు ఉంటాయి. ఒక్కో కాలేజీలో, ఒక్కో బ్రాంచిలో, ఒక్కో కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకుకి వెళ్లిందో అందులో ఉంటుంది. చాలామంది గమనించని విషయం, అదే పట్టికలో కుడివైపు చివర ట్యూషన్ ఫీజు గడి కూడా ఉంటుంది. ర్యాంకు గడి దగ్గరే కళ్లు ఆగిపోతాయి, ఫోన్‌లో చూస్తే ఆ గడి అసలు తెరమీదికే రాదు. దగ్గర్లోని ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకోండి. పేజీలు చాలా ఉంటాయి కాబట్టి హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి జిల్లాల కోడ్‌లు ఉన్నవి చాలు.

చదవడంలో మెలకువలు కొన్ని ఉన్నాయి. బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలు తమ కేటగిరీ గడితో పాటు ఓసీ గడి కూడా చూడాలి. ర్యాంకు సరిపోతే ఓపెన్ సీటు వాళ్లకీ వస్తుంది. అమ్మాయిలు బాలికల గడి చూడాలి. సీట్లలో మూడో వంతు వాళ్లకే ఉంటుంది కాబట్టి చాలా చోట్ల ఆ గడిలో ర్యాంకు ఇంకొంచెం వెనక్కి వెళుతుంది. పూర్తిగా అమ్మాయిలకే ఉండే మహిళా కాలేజీలూ ఉన్నాయి. షేక్‌పేటలోని నారాయణమ్మ, బాచుపల్లిలోని బీవీఆర్‌ఐటీ మహిళా కాలేజీ, అబిడ్స్‌లోని స్టాన్లీ లాంటివి అమ్మాయిల జాబితాలో తప్పకుండా చూడదగ్గవి.

ఎస్సీ విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి వర్గీకరణ అమల్లోకి వచ్చింది, ఎస్సీ కోటా 15 శాతం మూడు గ్రూపులుగా (1, 9, 5 శాతం) విడిపోయింది. అంతకు ముందు సంవత్సరాల ఎస్సీ గడి ఒకటే ఉంటుంది. దాన్ని ఉరామరికగా వాడుకోవచ్చు కానీ అదే జరుగుతుందని నమ్ముకోకూడదు.

పట్టికలు విడతల వారీగా ఉంటాయి. మొదటి విడత చివరి ర్యాంకు ముందుంటుంది, తుది విడతకి కొన్ని బ్రాంచిల్లో బాగా వెనక్కి జరుగుతుంది. నేను మొదటి విడత అంకెను నిక్కచ్చిగా తీసుకుని, తుది విడత అంకెను ఆశగా మాత్రమే పెట్టుకుంటాను. వీలైతే రెండు మూడేళ్లవి పక్కపక్కన రాసుకోండి. ఒక్క ఏడాది అంకె మోసం చేస్తుంది, ఎందుకంటే కాలేజీ కొత్తగా 60 సీట్లు తెచ్చుకుంటే ఆ ఏడాది చివరి ర్యాంకు అమాంతం వెనక్కి పోతుంది.

ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూడాలి? నా లెక్క ఇది, శాస్త్రం కాదు. ర్యాంకు 20,000 అనుకుందాం. గత ఏడాది మీ గడిలో 12,000 నుంచి 30,000 మధ్య ముగిసినవన్నీ రాసుకోండి. 12,000 నుంచి 18,000 మధ్యవి ఆశ, 18,000 నుంచి 24,000 మధ్యవి అసలు పోటీ జరిగే చోటు, ఆ పైవి భద్రం. 22 వేల చిల్లర ర్యాంకుతో మా మేనకోడలికి ఇలా 41 కాలేజీ-బ్రాంచి జతలు తేలాయి. మూడు సాయంత్రాలు పట్టింది. మధ్యలో "మామయ్యా, ఇది మ్యాథ్స్ పేపర్ కంటే ఘోరంగా ఉంది" అని పెన్ను పడేసింది కూడా.

మూడో పని: ఫీజు మీద గీత గీయండి

తెలంగాణలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫీజుని ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి నిర్ణయిస్తుంది. 2022-25 బ్లాకులో కనీస ఫీజు ఏడాదికి 45,000 రూపాయలు. పైన లక్షన్నర దాటినవీ ఉన్నాయి. 2025-26కి కొత్త ఫీజులు తేలక పాతవే కొనసాగాయి, కొన్ని కాలేజీలు కోర్టుకి కూడా వెళ్లాయి. కాబట్టి మీరు చేరే ఏడాది అమల్లో ఉన్న ఫీజు ఎంతో అప్పటి ఉత్తర్వులోనే చూసుకోవాలి. పాత ప్రింట్‌లోని ఫీజు గడి పోల్చుకోవడానికి మాత్రమే.

ట్యూషన్ ఫీజు కాక యూనివర్సిటీ ఫీజులు, ఎన్‌బీఏ గుర్తింపు (కోర్సు నాణ్యతకి జాతీయ స్థాయిలో ఇచ్చేది) ఉంటే దాని ఫీజు విడిగా ఉంటాయి. వాటితో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, రసీదు లేకుండా అడిగే 'డెవలప్‌మెంట్' డబ్బు దగ్గర. మా బంధువుల అబ్బాయి చేరిన ఒక కాలేజీలో ట్రైనింగ్ ఫీజు, లైబ్రరీ డిపాజిట్ అంటూ మొదటి రోజే మరో ముప్పై వేలు అడిగారు. మా బంధువులు రాతపూర్వకంగా రసీదు ఇవ్వమంటే సగం తగ్గింది. క్యాపిటేషన్ ఫీజుని నిషేధించే చట్టం 1983 నుంచీ ఉంది. రసీదు అడగడానికి మొహమాటపడొద్దు.

నాలుగో పని: రీయింబర్స్‌మెంట్ లెక్క, ఇదే అసలు మలుపు

కన్వీనర్ కోటాలో (అంటే కౌన్సెలింగ్ ద్వారా) సీటు వచ్చి, ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఫీజు కడుతుంది. బీసీలకి, ఈబీసీలకి (ఓసీల్లో పేదలకి) ఆదాయ పరిమితి నగరాల్లో 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి పూర్తి ఫీజు వస్తుంది, వాళ్ల ఆదాయ పరిమితి రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు ఈపాస్‌లో చూసుకోండి. బీసీ, ఈబీసీల్లో ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే ఏడాదికి గరిష్ఠంగా 35,000.

ఈ 10,000 గీత ఎంత పెద్దదో చూడండి. ఒక కాలేజీ ఫీజు 1,40,000 అనుకుందాం. 9,800 ర్యాంకు ఉన్న బీసీ విద్యార్థికి ట్యూషన్ ఫీజు భారం లేదు. 10,300 ర్యాంకున్న విద్యార్థి ఏడాదికి 1,05,000, నాలుగేళ్లకి 4,20,000 కట్టాలి. ఒకే క్లాసులో, పక్కపక్క బెంచీల్లో. గీతకి ఇటువైపు ఉన్నవాళ్లు పేరున్న కాలేజీలను ఫీజు చూడకుండా పైన పెట్టుకోవచ్చు. అటువైపు ఉన్నవాళ్లకి అదే జాబితా వేరే వరుసలో ఉండాలి. పక్కింటివాళ్ల జాబితా కాపీ కొట్టకూడదనేది అందుకే.

రెండు హెచ్చరికలు. మేనేజ్‌మెంట్ కోటాకి (కాలేజీ సొంతంగా నింపుకునే సీట్లు), స్పాట్ అడ్మిషన్‌కి (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లలో చేరడం) రీయింబర్స్‌మెంట్ రాదు. రెండోది, ప్రభుత్వం నుంచి డబ్బు సమయానికి రాదు. బకాయిలు పేరుకుపోవడం, కాలేజీలు ఆందోళన చేయడం ఏటా పేపర్లో చూస్తున్నదే. కొన్ని కాలేజీలు ముందు మిమ్మల్ని కట్టమని, ప్రభుత్వం ఇచ్చాక వెనక్కి ఇస్తామంటాయి. కొన్ని కోర్సు అయ్యాక సర్టిఫికెట్ల దగ్గర బిగిస్తాయి. ఏ కాలేజీ ఎలా ప్రవర్తిస్తుందో ఆ కాలేజీ మూడో, నాలుగో సంవత్సరం పిల్లలకి బాగా తెలుసు. అడగాల్సిన మొదటి ప్రశ్న ప్యాకేజీల గురించి కాదు, ఇది.

అమ్మాయిలకి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఒకటుంది. ఎంపికైతే ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు. మొదటి సంవత్సరంలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఎంపిక ఖాయం కాదు, కాబట్టి బడ్జెట్‌లో దీన్ని కలుపుకోకండి. వస్తే పండగ.

అయిదో పని: నాలుగేళ్ల మొత్తం ఖర్చు

ఇప్పుడు జాబితాలోని ప్రతి కాలేజీకి ఎదురుగా ఒకే ఒక అంకె రాయాలి. ఫీజులోంచి రీయింబర్స్‌మెంట్ తీసి, రాకపోకలు లేదా హాస్టల్ కలిపి, నాలుగుతో హెచ్చించాలి.

మా నోటుబుక్కులో నుంచి మూడు, గుండ్రటి అంకెల్లో. మొదటిది ఫీజు 1,40,000 ఉన్న పెద్ద పేరు. 35,000 పోగా ఏడాదికి 1,05,000, నాలుగేళ్లకి 4,20,000, బస్సు ఖర్చు అదనం. రెండోది ఫీజు 80,000. చౌకగా కనిపించింది. 35,000 పోగా 45,000 అంటే నాలుగేళ్లకి 1,80,000. కానీ నగరం ఆ చివర ఉంది, కాలేజీ బస్సు ఏడాదికి 35,000 చెప్పారు. అది 1,40,000. మొత్తం 3,20,000. మూడోది ఫీజు లక్ష. 65,000 చొప్పున నాలుగేళ్లకి 2,60,000. ఇంటి ముందు నుంచి ఆర్టీసీ బస్సు ఉంది. ఫీజు ఇరవై వేలు ఎక్కువున్న కాలేజీ మొత్తంలో అరవై వేలు తక్కువకి తేలింది.

అమ్మాయిల విషయంలో ఆర్టీసీ లెక్క ఇంకా బాగుంటుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు లేదు, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చాలు. అబ్బాయిలకి విద్యార్థి పాస్ ఉంది. మెట్రో రైలుకి ఈ ఉచితం వర్తించదు, పైగా కాలేజీలు చాలావరకు మెట్రో ఆగిన చోటు నుంచి ఇంకా పది పదిహేను కిలోమీటర్లు ఉంటాయి.

దూరాన్ని డబ్బుతోనే కొలవకండి. వనస్థలిపురం నుంచి బాచుపల్లి అంటే ఊరు ఈ మూల నుంచి ఆ మూలకి. గండిపేటకీ అంతే తిప్పలు. అదే మాకు నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీలు దగ్గర. కూకట్‌పల్లిలో ఉండేవాళ్లకి సరిగ్గా తిరగబడుతుంది. రోజుకి నాలుగు గంటలు బస్సులో కూర్చున్న పిల్లలు సాయంత్రం కోడింగ్ ప్రాక్టీసు చేస్తారనుకోవడం మన ఆశే. హాస్టల్ పెట్టాల్సి వస్తే నెల ఖర్చుని పదితో హెచ్చించి ఏడాది అంకె రాయండి. ఆ అంకె చాలాసార్లు ట్యూషన్ ఫీజుని మించుతుంది.

ప్రభుత్వ కాలేజీలను ఎందుకు వదిలేస్తారో

తక్కువ ఫీజు అనగానే మొదట తలచుకోవాల్సినవి యూనివర్సిటీ కాలేజీలు. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ అందరికీ తెలుసు, కానీ వాటిలో సీఎస్‌ఈ మంచి ర్యాంకులకే అయిపోతుంది. అక్కడితో ఆగకండి. అదే చోట సివిల్, మెకానికల్, మెటలర్జీ లాంటి బ్రాంచిల చివరి ర్యాంకులు కూడా చూడండి. ఉస్మానియా ప్రాంగణంలోనే టెక్నాలజీ కాలేజీ వేరుగా ఉంది, అందులో కెమికల్ ఇంజినీరింగ్ లాంటివి ఉంటాయి. ఇక జేఎన్‌టీయూకి సుల్తాన్‌పూర్, నాచుపల్లి, మంథని, సిరిసిల్ల, వనపర్తిలో కాలేజీలున్నాయి. హైదరాబాద్ పిల్లలు వాటి వంక చూడరు. "ఇంత ఊళ్లో ఉండి అక్కడికెందుకు" అంటారు. లక్ష పైన ఫీజు కట్టి పేరు తెలియని కాలేజీలో చేరేకంటే సుల్తాన్‌పూర్ హాస్టల్లో ఉండటం నా దృష్టిలో మేలు. మా చెల్లెలు మాత్రం అమ్మాయిని బయటికి పంపనంది, ఆ వాదనలో నేను ఓడిపోయాను.

ఇక్కడా ఒక గొయ్యి ఉంది. యూనివర్సిటీ కాలేజీల్లో కొన్ని సీట్లు సెల్ఫ్ ఫైనాన్స్ కింద ఉంటాయి. పేరు అదే, గేటు అదే, ఫీజు మాత్రం వేరు. పట్టికలో అవి వేరే వరుసగా కనిపిస్తాయి. ఆప్షన్ పెట్టేముందు ఫీజు గడి చూసి నిర్ధారించుకోండి.

ఆరో పని: చౌక సరే, సరుకు ఉందా?

45,000 ఫీజు ఉన్న చోట రీయింబర్స్‌మెంట్ పోగా చేతి నుంచి పడేది ఏడాదికి పదివేలే. నాలుగేళ్లకి నలభై వేలతో ఇంజినీరింగ్ అయిపోతుంది. అలాంటి వాటిలో మంచివీ ఉన్నాయి, ల్యాబ్‌కి తాళం తియ్యనివీ ఉన్నాయి. కాబట్టి చూసి రావాలి.

వెళ్లేముందు కాలేజీ వెబ్‌సైటులో ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి (కేంద్రం కాలేజీలకి ఇచ్చే ర్యాంకింగ్) సమర్పించిన నివేదిక ఉందేమో వెతకండి. ర్యాంకింగ్‌లో లేని కాలేజీలు కూడా దాన్ని పెడుతుంటాయి. అందులో ఏ ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ వేతనం ఎంత అన్నది ఉంటుంది. ఫ్లెక్సీ మీద వేసే '44 లక్షల ప్యాకేజీ' ఒక్కడిది. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే తక్కువ వచ్చిందని అర్థం, మన పిల్లలకి దగ్గరగా ఉండే అంకె అది. ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఉండదు, బ్రాంచి వారీగా, కొన్నేళ్లకే ఇస్తారు. మీరు చేరబోయే బ్రాంచికి ఉందా, గడువు మిగిలిందా చూడండి.

కాలేజీకి వెళ్తే అడ్మిషన్ ఆఫీసు ఏసీ గదిలో కూర్చోవద్దు. బయట టీ కొట్టు దగ్గర నిలబడండి. క్లాసులు జరిగే రోజున, మధ్యాహ్నం. మేం ఒకచోట అలా నిలబడితే ఇద్దరు మూడో సంవత్సరం పిల్లలు చెప్పారు, "అంకుల్, ఏఐ బ్రాంచి పెట్టారు కానీ చెప్పేది సీఎస్‌ఈ సార్లే, ఆ సార్లు కూడా రెండు సెమిస్టర్లకోసారి మారిపోతారు" అని. ఆ కాలేజీ ఆ బ్రాంచిని జాబితాలో ఎనిమిది స్థానాలు కిందికి దింపాం, మామూలు సీఎస్‌ఈని పైన ఉంచాం. బ్రాంచి పేరు పక్కన బ్రాకెట్లో ఏముందన్న దానికంటే చెప్పేవాళ్లు ఉన్నారా అన్నదే చూడాలని నా అభిప్రాయం. సీఎస్‌ఈ కోసం ఏ కాలేజీకైనా వెళ్లిపోవడం కంటే మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈఈఈ (ఎలక్ట్రికల్) తీసుకోవడం చాలామందికి చవకగా కూడా కలిసొస్తుంది.

ఏడో పని: వెబ్ ఆప్షన్లు

ప్రాసెసింగ్ ఫీజు 1,200 (ఎస్సీ, ఎస్టీలకు 600) కట్టి, స్లాట్ బుక్ చేసుకుని, హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్లు చూపించాక ఆప్షన్లు పెట్టుకోవచ్చు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ముఖ్యంగా "నేనే పెట్టేస్తా" అనే ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడికి, కాలేజీ తరఫున వచ్చే పీఆర్‌ఓకి.

ముందు కాగితం మీద తుది వరుస రాసుకోండి. ఇష్టం, నాలుగేళ్ల ఖర్చు, దూరం మూడూ కలిపి చూసి, "ఈ రెండూ ఒకేసారి ఇస్తే ఏది తీసుకుంటావు?" అని పిల్లల్ని రెండేసి చొప్పున అడుగుతూ పోతే వరుస దానంతటదే తేలుతుంది. బడ్జెట్ దాటినవి జాబితాలో ఉండకూడదు. వస్తే చూద్దాంలే అని పెట్టినది కచ్చితంగా వస్తుంది. ఆప్షన్ల సంఖ్యకి పరిమితి లేదు, భద్రమైనవి అడుగున దండిగా ఉండాలి. అయిదారు పెట్టి ఊరుకున్నవాళ్లకి మొదటి విడతలో ఏదీ రాక ఇంట్లో ఎంత టెన్షనో మా అపార్ట్‌మెంట్లో చూశాను.

2025లో అసలు కేటాయింపుకి ముందు మాక్ సీట్ల కేటాయింపు పెట్టారు. మీ జాబితాకి ఏది వచ్చేలా ఉందో చూపించి, మార్చుకోవడానికి సమయం ఇచ్చారు. అలాంటి అవకాశం ఉంటే వాడుకోండి. మా మేనకోడలికి మాక్‌లో పదకొండోది చూపించింది, మేం వరుస మార్చలేదు. అసలు కేటాయింపులో తొమ్మిదోది వచ్చింది.

సీటు వచ్చాక

కేటాయింపు పత్రంలో మీరు కట్టాల్సిన ఫీజు, రీయింబర్స్‌మెంట్‌కి అర్హులా కాదా అన్నది ఉంటుంది. మొదట అదే సరిచూసుకోండి. తప్పుంటే అదే రోజు హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లాలి. గడువులోపు ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది.

రెండో విడతలో పాల్గొనేవాళ్లు ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. అక్కడ కొత్త సీటు వస్తే పాతది వేరేవాళ్లకి వెళ్లిపోతుంది, మళ్లీ కావాలన్నా రాదు. అందుకే ఇప్పుడున్న సీటు కంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి. మెరుగు అంటే ఖర్చుతో కలిపి. ఉన్న కాలేజీలోనే బ్రాంచి మారాలనుకుంటే చివర్లో ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది.

ఏదీ కుదరకపోతే? కన్సల్టెన్సీ ఫోన్ మళ్లీ అప్పుడే వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో రీయింబర్స్‌మెంట్ ఉండదు, ప్రైవేటు యూనివర్సిటీల ఫీజు వాళ్లే పెట్టుకుంటారు. అప్పు చేసి మరీ అటు వెళ్లేముందు దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా సిటీ కాలేజీ, నిజాం కాలేజీ లాంటి చోట్ల కంప్యూటర్ సైన్స్‌తో డిగ్రీ చూడండి, ఖర్చు వేలల్లోనే. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ (డిప్లొమా వాళ్లకి పెట్టే ప్రవేశ పరీక్ష)తో నేరుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరం అనే దారి కూడా ఉంది. ఒక ఏడాది ఫీజు అక్కడే మిగులుతుంది. బ్యాంకు రుణం తీసుకోక తప్పదంటే 4 లక్షల దాకా తాకట్టు అడగరు. కాలేజీ సిఫారసు చేసే ఫైనాన్స్ కంపెనీ కంటే ముందు మీ ఖాతా ఉన్న ప్రభుత్వ బ్యాంకుకి వెళ్లండి.

మా మేనకోడలు ఇప్పుడు ఈసీఈ చదువుతోంది. నోటుబుక్కు మూడో అంతస్తులో ఉండే ఇంటర్ రెండో సంవత్సరం కుర్రాడి వాళ్లమ్మ అడిగి తీసుకెళ్లింది. అందులో కాలేజీ బస్సు రేట్లు పాతవి, వాటిని మాత్రం కొట్టేసి కొత్తవి రాసుకోమన్నాను.